బీరువాలో డబ్బు, యాప్ చేతిలో ఫోన్‌బుక్

ప్రశ్న: మాది నరసన్నపేట. శ్రీకాకుళంలో ట్రాక్టర్ల షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తాను. జీతం 34 వేలు, ఇంటి ఖర్చు 22 వేలు. బ్యాంకు వైఫై గుర్తున్న కొత్త కార్డు పంపినప్పటి నుంచి భయం పట్టుకుంది. ఏం కొన్నా, ఏ టోల్‌గేట్ దాటినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. అందుకే యూపీఐ మానేశాను, ఫాస్టాగ్ పీకేశాను, రూ.1.80 లక్షల ఎఫ్‌డీ తీసేసి ఇంట్లో పెట్టుకున్నాను. ఆ మధ్య అమ్మకు విశాఖలో అర్జంటుగా ఆపరేషన్ చేయాల్సి వచ్చి రాత్రికి రాత్రే 75 వేలు కట్టమన్నారు. బీరువాలో 25 వేలే మిగిలాయి. లోన్ యాప్‌లో తీసుకున్నాను. ఇప్పుడు వాళ్లు షోరూమ్‌లో అందరికీ మెసేజ్‌లు పెడుతున్నారు. ఇంకో యాప్‌లో తీసుకుని ఇది తీర్చేయమంటారా? బ్యాంకు ఖాతా మూసేస్తే మంచిదా?

జవాబు: ఇంకో యాప్ మాట మళ్లీ ఎత్తకండి. ఖాతా కూడా మూయక్కర్లేదు.

మీ భయాన్ని నేను తీసిపారేయను. కార్డు గీకితే బ్యాంకుకు తెలుస్తుంది, ఫాస్టాగ్ ఉంటే మడపాం టోల్‌గేట్ ఎన్ని గంటలకు దాటారో నమోదవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. కానీ మీరు తలుపు వేసింది ఒకవైపు, దొంగ వచ్చింది ఇంకోవైపు. కార్డుకు భయపడిన మీరే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ ఊరూపేరూ తెలియని యాప్‌కు అప్పజెప్పారు. ‘అలౌ’ అని నొక్కింది మీ వేలే. లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లాగ్‌లు చూడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. అయినా అడిగారంటే వాళ్లెలాంటివాళ్లో అక్కడే తెలిసిపోవాలి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కారణం వేరువేరుగా ఉంటుంది, పొరపాటు మాత్రం ఒక్కటే. మీ ఖర్చు ప్రకారం ఆరు నెలల అత్యవసర నిధి అంటే రూ.1.32 లక్షలు. మీ దగ్గర అంతకన్నా ఎక్కువే ఉండేది. అది ఏమైందో మీరు పంపిన లెక్కలోనే ఉంది: తోడల్లుడికి చేబదులు 70 వేలు, నోటు లేదు, టైల్స్‌కు 40 వేలు, మిగిలిన 25 వేలు పోను, 45 వేలకు లెక్కే లేదు. ఎఫ్‌డీలో ఉన్నంతకాలం ఆ డబ్బును ఎవరూ అడగలేదు, మీకూ గుర్తు రాలేదు. చీరల మడతల్లోకి వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ తెలిసింది. బీరువాలో పెట్టుకున్నది చేతి ఖర్చు అవుతుందే తప్ప అత్యవసర నిధి కాదు.

అప్పు సంగతి. 60 వేలని రాసుకుని చేతికి ఇచ్చింది 49,500. గడువు 15 రోజులు. అంటే నెలకు నూటికి దాదాపు 42 రూపాయల వడ్డీ! ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే నోరు వెళ్లబెడతాం కదండీ. రెండుసార్లు గడువు పొడిగించుకుని 21 వేలు కట్టారు, అసలు అలాగే ఉంది. ఆ యాప్ పేరు రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లోని లోన్ యాప్‌ల జాబితాలో ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే పొడిగింపు కింద ఇంకో రూపాయి కట్టకండి. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. జాబితాలో ఉంటే తోడల్లుడి దగ్గర డబ్బు రాబట్టి ఒకేసారి తీర్చేయండి. మొహమాటం పనికిరాదు. ఆయన ఇవ్వకపోతే బ్యాంకులో బంగారం మీద తీసుకోవడం ఒక్కటే నేను ఒప్పుకునే దారి.

ఆ తర్వాత మిగిలే 12 వేలూ నెలనెలా నిధికే. వేరే బ్యాంకులో ఖాతా తెరవండి. దానికి యూపీఐ కలపకండి, ఆ నంబరు ఏ యాప్‌లోనూ ఇవ్వకండి. రెండు నెలల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది ఎఫ్‌డీలో. జీతం ఖాతాలో ఆ నెలకు సరిపడేంతే ఉంచండి. మీరు కోరుకునే గోప్యత కూడా చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. రోజూ వాడే ఖాతాను ఎవరు చూసినా కనిపించేది కూరగాయల లెక్కే.

వైఫై (కాంటాక్ట్‌లెస్) కార్డు గురించి ఒక్కమాట: పిన్ లేకుండా పోయేది ఒకసారికి 5 వేల వరకే, అదీ మెషిన్‌కు దాదాపు ఆనిస్తేనే. అదీ వద్దనుకుంటే బ్యాంకు యాప్‌లో ఆపేయవచ్చు. అంతకన్నా ముందు, వేలిముద్రతో ఎవరూ మీ ఖాతాలో డబ్బు తీయకుండా ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. ఫాస్టాగ్ మళ్లీ అతికించండి. పీకేసినా బూత్ కెమెరాలో బండి నంబరు పడుతూనే ఉంటుంది, పైగా ఫాస్టాగ్ లేకపోతే టోల్ ఎక్కువ కట్టాలి.

అమ్మగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. ఈసారి ఆసుపత్రికి వెళ్తే ముందు ఎన్టీఆర్ వైద్య సేవ డెస్క్‌లో అడగండి.

కొత్త ఖాతా డెబిట్ కార్డుకు ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్ ఆపేసి, స్వైప్ మాత్రం ఉంచండి. రోజుకు ఎంతవరకు స్వైప్ చేయవచ్చో బ్యాంకులో ముందే కనుక్కోండి. ఆ పిన్ మీ ఆవిడకు కూడా తెలియాలి. ఊరు దాటి వెళ్లేటప్పుడు కార్డు మీ వెంట ఉండాలి. మీరు విశాఖ కౌంటర్ దగ్గర నిలబడి, కార్డు నరసన్నపేట బీరువాలో ఉంటే మళ్లీ చేతికి తగిలేది ఫోనే.