పోర్ట్‌ఫాస్ట్ పెట్టినా టోపాలజీ చేంజ్ ట్రాప్‌లు ఆగకపోతే

నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే స్పానింగ్ ట్రీ, ఒక పోర్ట్ లింక్ పడిపోయి మళ్లీ లేస్తే దాన్ని ‘టోపాలజీ చేంజ్’గా లెక్కిస్తుంది. స్విచ్ ఆ సంగతిని ట్రాప్‌గా, అంటే హెచ్చరిక సందేశంగా పంపుతుంది. సర్వర్ లాంటి పరికరం ఉన్న పోర్ట్‌కు ఆ లెక్క లేకుండా చేసే సెట్టింగే పోర్ట్‌ఫాస్ట్. అది పెట్టాక కూడా సర్వర్ రీబూట్ అయిన ప్రతిసారీ ట్రాప్ వస్తోందంటే, ఆ పోర్ట్ ట్రంక్ మోడ్‌లో (ఒకే పోర్ట్ మీద అనేక వీల్యాన్‌లు, అంటే విడివిడి నెట్‌వర్క్‌లు, నడిచే మోడ్) ఉండి ఉంటుంది. సిస్కో స్విచ్‌లలో మామూలు పోర్ట్‌ఫాస్ట్ యాక్సెస్ పోర్ట్‌కే (ఒకే వీల్యాన్ ఉండే పోర్ట్) పనిచేస్తుంది. ట్రంక్ మీద కొడితే స్విచ్ కమాండ్‌ను తీసుకుంటుంది, కానీ ఫలితం ఉండదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

1. ‘షో స్పానింగ్-ట్రీ డీటెయిల్’ కొట్టండి. చివరి మార్పు ఏ పోర్ట్ నుంచి వచ్చిందో చూపిస్తుంది. అటువైపు ఇంకో స్విచ్ ఉంటే, దానిలోకి వెళ్లి మళ్లీ ఇదే కమాండ్.

2. సర్వర్ పోర్ట్‌లో ‘స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్ ట్రంక్’ ఇవ్వండి. కొన్ని వెర్షన్లలో ‘ట్రంక్’కు ముందు ‘ఎడ్జ్’ చేర్చాలి.

3. అక్కడే ‘స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్’. ఎవరైనా ఆ పోర్ట్‌కు స్విచ్ తగిలిస్తే, దాని బీపీడీయూ (స్విచ్‌లు పంపుకునే స్పానింగ్ ట్రీ సందేశం) రాగానే పోర్ట్ ఎర్-డిజేబుల్ అవుతుంది, అంటే మూతపడుతుంది.

స్విచ్‌ల మధ్య లింకులకు మాత్రం పోర్ట్‌ఫాస్ట్ పెట్టొద్దు, లూప్ పడొచ్చు.

విసుగొచ్చి ట్రాప్‌లే ఆపేయకండి. స్పానింగ్ ట్రీ పాత ప్రమాణమైన 802.1డీలో ఒక్క మార్పుకే మ్యాక్ టేబుల్ (ఏ పరికరం ఏ పోర్ట్‌లో ఉందో రాసుకునే పట్టిక) గడువు 300 సెకన్ల నుంచి 15కు పడిపోయి, అనవసరపు ఫ్లడింగ్ (డేటాను అన్ని పోర్ట్‌లకూ పంపడం) మొదలవుతుంది. ఆ సంగతి మీకు ముందుగా తెలిసేది ఈ ట్రాప్‌తోనే.

సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేసి, మొదటి కమాండ్‌లో టోపాలజీ మార్పుల లెక్క పెరగలేదేమో చూడండి.