కాలికి గాయమైన గుర్రం మళ్లీ కోలుకుంటుందా?

ప్రశ్న: మాది కొండ మీది ఊరు, రోడ్డు లేదు. కాఫీ, మిరియాలు, పసుపు సంతకు దించాలన్నా, కింద నుంచి బియ్యం తేవాలన్నా మా ఆడ గుర్రమే దిక్కు. మాతో పాటు ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు కూడా దాని మీదే సరుకు వేసుకుంటారు. పది రోజుల కిందట వానలో బండ మీద జారి పడింది. ముందు కుడికాలికి మోకాలి కింద అరచేయంత మేర చర్మం చీరింది. ఆకుపసరు పోశాం, తర్వాత మైలుతుత్తం చల్లాం. ఇప్పుడు ఎర్రటి కండ పైకి ఉబ్బుకొచ్చింది. ఈగలు ముసురుతున్నాయి. కుంటుతోంది కానీ కాలు మోపి నడుస్తోంది. మేత తగ్గింది. ఇక పనికిరాదు, వచ్చిన కాడికి అమ్మేయమని ఊళ్లో అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

– ఓ రైతు, జి.మాడుగుల మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: తొందరపడి అమ్మకండి. మీరు రాసినదాంట్లో నాకు ధైర్యం ఇచ్చిన మాట ఒకటుంది: గుర్రం కాలు మోపి నడుస్తోంది. ఎముక విరిగినా, కీలు లోపల చీము పట్టినా గుర్రం ఆ కాలి మీద బరువు వేయదు. పైగా మీ కొండల్లో తిరిగే పొట్టి గుర్రాలకు పెద్ద జాతి గుర్రాల కంటే కాలి గాయాలు బాగా మానతాయి. కానీ రెండు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్లు ఒక్క ఇల్లే ఈ భారం మోయడం కష్టం. ఆ గుర్రాన్ని వాడుకునే ఐదు ఇళ్లూ కలిసి కూర్చుని పని పంచుకోవాలి.

అన్నిటికంటే ముందు ధనుర్వాతం సంగతి చూడాలి. పశువులన్నిటిలో ఈ జబ్బు గుర్రానికే తేలిగ్గా పట్టుకుంటుంది. మట్టిలో, లద్దెలో ఉండే సూక్ష్మజీవి గాయంలోకి దిగుతుంది. లక్షణాలు సాధారణంగా వారం నుంచి మూడు వారాల మధ్య బయటపడతాయి. అంటే మీ గుర్రానికి ప్రమాదకాలం ఇంకా దాటలేదు. ఇంతకు ముందు టీకా వేయించి ఉండకపోతే వెంటనే యాంటీటాక్సిన్ ఇంజెక్షన్, దాంతో పాటు టీకా మొదటి డోసు వేయించండి. మందు చల్లగా ఉండాలి కాబట్టి కొండ ఎక్కేటప్పుడు ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. తోక కొయ్యబారి నిలబడటం, నాలుగు కాళ్లూ బిగుసుకోవడం, కంటి మూలనున్న తెల్లటి పొర కంటి మీదికి రావడం, దవడ తెరవలేకపోవడం వంటివి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు.

డాక్టరు కోసం గుర్రాన్ని కిందికి నడిపించకండి. దిగుడు దారిలో బరువంతా ముందు కాళ్ల మీదే పడుతుంది. పశువుల సంచార వైద్య వాహనం నంబరు 1962కు ఫోన్ చేసి విషయం చెప్పండి, గాయం ఫోటో, గుర్రం నడిచే వీడియో ముందుగానే పంపండి. సంచార వాహనం రోడ్డు ఉన్నంత వరకే వస్తుంది. అక్కడి నుంచి డాక్టరునూ మందుల పెట్టెనూ పైకి తీసుకురావడానికి పక్కింటివాళ్ల గుర్రాన్ని అడగండి. డాక్టరు తప్పనిసరిగా చూడాల్సింది ఒకటి: గాయం కీలు దాకా గానీ, కాలి వెనుక మీరంతా నరం అనే స్నాయువు తొడుగు దాకా గానీ దిగిందా అని. లేత పసుపు రంగులో జిగటగా, జారుడుగా ద్రవం కారుతుంటే, లేదా ఉన్నట్టుండి కాలు మోపడం మానేస్తే దాన్ని అత్యవసరంగా తీసుకోవాలి. అలాంటప్పుడు గరివిడి పశువైద్య కళాశాలకు తీసుకెళ్లమని డాక్టరే చెప్పవచ్చు. జిల్లా దాటాలి, ఖర్చూ అవుతుంది. ఆ ఖర్చును ఐదిళ్లూ పంచుకోవడం న్యాయమే.

ఇక పైకి ఉబ్బిన ఎర్రటి కండ. దీన్ని దుర్మాంసం అంటాం. గుర్రానికి మోకాలి కింద కండ దాదాపు ఉండదు, రక్తప్రసారం తక్కువ, అడుగు వేసినప్పుడల్లా చర్మం లాగుతుంటుంది. దాంతో గాయం పూడే కండ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగక చర్మం కంటే ఎత్తుకు పెరుగుతుంది. కొత్త చర్మం అంచుల నుంచి లోపలికి పాకాలి. కాలి కింది భాగంలో అది రోజుకు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే కదులుతుంది. ఎదురుగా కండ గట్టు కడితే దాటలేదు. మైలుతుత్తం ఆ కండను కాలుస్తుంది, నిజమే. కానీ అంచుల్లో పుడుతున్న లేత చర్మాన్ని కూడా కాల్చేస్తుంది. అందుకే ఎన్ని రోజులు చల్లినా పుండు చిన్నది కావడం లేదు. ఇవాళ్టి నుంచి మైలుతుత్తం, సున్నం, ఫినాయిలు, ఇంజిన్ ఆయిలు ఏవీ వాడొద్దు. ఉబ్బిన కండను డాక్టరు కత్తితో చర్మం మట్టానికి చెక్కేస్తారు. దుర్మాంసంలో నరాలు ఉండవు కాబట్టి గుర్రానికి నొప్పి తెలియదు. అయితే రక్తం బాగా కారుతుంది. ఇంట్లో ఎవరూ కత్తి పట్టకండి.

ఆ తర్వాతి రోజుల్లో మీ ఇంటివాళ్ల చేతి పనే అసలు మందు. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలపండి. దాంతో గాయాన్ని ధారగా కడగండి, రుద్దొద్దు. మురికిగా ఉన్న రోజున లీటరు మరిగించి చల్లార్చిన నీటికి 10 మిల్లీలీటర్ల పోవిడోన్ అయోడిన్ కలిపి కడిగితే చాలు. నీళ్లు లేత టీ రంగులో ఉండాలి. మందు చిక్కగా పోస్తే త్వరగా మానుతుందనుకోవడం పొరపాటు. కడిగాక డాక్టరు రాసిన మందు పూసి, శుభ్రమైన గాజుగుడ్డ వేసి, దాని చుట్టూ మందంగా దూది చుట్టి, ఆపైన కట్టు కట్టాలి. దూది లేకుండా గుడ్డపీలికతో బిగిస్తే స్నాయువు దెబ్బతింటుంది. కట్టు రెండు మూడు రోజులకోసారి మార్చండి, తడిస్తే వెంటనే మార్చండి. కట్టు పైన గానీ కింద గానీ వాపు వస్తే బిగువు ఎక్కువైందని అర్థం. కడిగేవాళ్లు చేతికి గ్లవ్స్ వేసుకోండి. పుండులో పురుగులు కనిపిస్తే డాక్టరుకు చెప్పండి.

కట్టు కట్టేటప్పుడు చుట్టూ జనం మూగొద్దు. గుర్రానికి బాగా మాలిమి ఉన్న మనిషి, రోజూ మేత వేసేవాళ్లెవరైనా, తల దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండాలి. కట్టు కట్టే మనిషి ఏ వైపు ఉంటే తల పట్టినవాళ్లూ ఆ వైపే ఉండాలి. కింద మోకాళ్లూని కూర్చోవద్దు, గొంతుకు కూర్చుంటే గుర్రం బెదిరినా లేచి తప్పుకోవచ్చు. పిల్లల్ని గుర్రం వెనక్కి వెళ్లనీయకండి. ఇంకో మాట, గుర్రం ఒంటరిగా ఉండలేదు. పక్కింటి గుర్రాన్ని కనబడేంత దూరంలో కట్టేయండి. తోడు కనబడితే మేత కూడా బాగా ముడుతుంది.

నొప్పికి మెడికల్ షాపులో దొరికే మాత్రలు నూరి పోయకండి. వాటిలో ఉండే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు వాడటాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. గొంతులో బలవంతంగా ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వేయించండి. కుంటు తగ్గిందని మధ్యలో ఆపొద్దు.

మేత విషయంలో ప్రేమ కొద్దీ చాలామంది తప్పు చేస్తారు. జబ్బు పడింది కదా అని ఉలవ గుగ్గిళ్లు ఎక్కువ పెడతారు. పని లేకుండా నిలబడిన గుర్రానికి దాణా ఎక్కువైతే కడుపునొప్పి రావచ్చు, గిట్టల లోపల వాపు కూడా రావచ్చు. ఉలవలు బాగా తగ్గించి గడ్డి మీదే ఉంచండి. మీ గుర్రం రెండు వందల కిలోలు ఉంటుందనుకుంటే రోజుకు నాలుగు కిలోల ఎండుగడ్డి కావాలి. పచ్చగడ్డి ఉంటే ఎండుగడ్డి ఆ మేరకు తగ్గించండి. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు వేయండి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. వరిగడ్డి ఒక్కటే పెట్టొద్దు. కోడి దాణా అసలు పెట్టొద్దు. కోళ్లకు కలిపే మోనెన్సిన్ వంటి మందులు కొద్దిగా తిన్నా గుర్రం చనిపోతుంది. గడ్డి కోసే పని ఇంటికో రోజు చొప్పున వంతులు వేసుకోండి. లద్దె వేయకపోయినా, పొట్ట వైపు తిరిగి చూసుకుంటూ నేలను కాలితో గీస్తున్నా వెంటనే ఫోన్ చేయండి.

చాలామంది గమనించనిది మంచి కాలు. గాయమైన కాలిని కాపాడుకోవడానికి గుర్రం బరువంతా ఎడమ ముందు కాలి మీద వేస్తుంది. వారాల తరబడి అలా నిలబడితే ఆ గిట్ట దెబ్బతింటుంది. గాయం మానినా గుర్రం దక్కకపోవచ్చు. రోజూ ఉదయం ఎడమ గిట్టను చేత్తో తాకి చూడండి. వేడిగా ఉన్నా, గిట్ట పైన వెనుక వైపు నాడి గట్టిగా కొట్టుకుంటున్నా డాక్టరుకు చెప్పండి. కాళ్ల కింద పొడిగడ్డి గానీ ఇసుక గానీ మందంగా పరవండి. ఒంటి వేడి 102 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా కబురు పెట్టండి.

డాక్టరు సరే అన్నాక చదును నేల మీద పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచండి. చర్మం పూర్తిగా మూసుకుని, కుంటు పోయేదాకా వీపు మీద జీను కూడా వేయొద్దు. ఈలోగా సంత రోజున మీ ఐదిళ్ల సరుకును పక్కింటి గుర్రం మీద కొంత, కావిళ్ల మీద కొంత దించుకోండి. ఆ గుర్రం మీద కూడా మితిమీరి వేయకండి. బరువు మోసే పశువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం పొట్టి గుర్రానికి 70 కిలోలే గరిష్ఠం. మీ గుర్రాన్ని తిరిగి పనిలో పెట్టేటప్పుడు మొదటి వారం ఖాళీ జీనుతో, తర్వాత పది పదిహేను కిలోలతో, ఎండిన దారిలోనే నడిపించండి. వానాకాలం దాటేదాకా ఆ బండ ఉన్న దారి వద్దు.