సెంటు మానేసి అత్తరు మొదలుపెట్టాను, మెడ మీద దురద ఇంకా ఎక్కువైంది ఎందుకు?

ప్రశ్న: మాది తిరుపతి. నా వయసు 32. ఒక హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. డ్యూటీకి వెళ్లే ముందు బాడీ స్ప్రే, మెడకు సెంటు కొట్టుకోవడం ఆరేడేళ్లుగా అలవాటు. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి తలనొప్పి, మెడకు రెండు పక్కలా దురద. ఇప్పుడు అక్కడ నల్లగా మచ్చ పడింది. అవన్నీ కెమికల్స్ అని మా ఆయన అంటే రెండు నెలల కిందట మానేసి, ఆన్‌లైన్‌లో ‘నూరు శాతం నేచురల్’ అని ఉన్న మల్లె, గులాబీ అత్తర్లు తెప్పించుకున్నాను. తలనొప్పి చాలావరకు తగ్గింది కానీ దురద ఎక్కువైంది. నేచురల్ కూడా పడదా? మా నాలుగేళ్ల బాబుకు అప్పుడప్పుడు ఆయాసం వస్తుంది, వాడికేమైనా ఇబ్బందా? వచ్చే నెల మా చెల్లెలి పెళ్లి కొండ మీద. అప్పటికి ఏదైనా రాసుకోవచ్చా?

డాక్టర్ సలహా: మీరు పంపిన రెండు ఫొటోలూ చూశాను. నేచురల్ కూడా పడకపోవచ్చమ్మా. మీ విషయంలో జరుగుతున్నది అదేనని నా అనుమానం.

కంపెనీ సెంట్లు వదిలేసి అత్తర్లకు, పూల నూనెలకు మారుతున్నవాళ్లు నా దగ్గరికి ఈ మధ్య చాలామందే వస్తున్నారు. కాలేజీ పిల్లలు కూడా జేబులోంచి చిన్న రోల్‌ఆన్ సీసా తీసి చూపిస్తున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. సెంటు సీసా వెనక చిన్న అక్షరాల్లో ‘పర్‌ఫ్యూమ్’ అనో ‘ఫ్రాగ్రెన్స్’ అనో ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట చాటున పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. అవేమిటో కొనేవాళ్లకు తెలియదు. లిలియల్ అనే పదార్థం ఏళ్ల తరబడి సబ్బుల్లో, షాంపూల్లో, సెంట్లలో పూల వాసన కోసం వాడారు. సంతానోత్పత్తికి హాని చేయవచ్చని తేలాక యూరప్‌లో 2022లో దాన్ని సౌందర్య సాధనాల్లో నిషేధించారు. ఇలాంటివి చదివినవాళ్లు పువ్వుల వైపు చూడడంలో తప్పేమీ లేదు. మీ ఆయన చెప్పిందీ మీ మంచికే.

అయితే మన ఒంటికి పువ్వు వేరు, ఫ్యాక్టరీ వేరు అనే లెక్క లేదు. గులాబీకి ఆ తియ్యటి వాసన ఇచ్చేవాటిలో జెరానియాల్ ఒకటి. అది రేకుల్లోంచి తీసినా, ఫ్యాక్టరీలో తయారుచేసినా అదే జెరానియాల్. ఒకసారి మీ చర్మం దాన్ని శత్రువు కింద గుర్తుపెట్టుకుందంటే ఏ సీసాలోంచి వచ్చినా ఒకేలా తిరగబడుతుంది. లవంగంలోని యూజినాల్, దాల్చిన చెక్కలోని సిన్నమాల్ కూడా అంతే. సెంటు ఎలర్జీని కనిపెట్టడానికి మేం వాడే పరీక్ష మిశ్రమంలో ఈ మూడూ ఉంటాయి. అంటే సెంటు పడదని మేం ఎవరికైనా చెప్పినప్పుడు, చాలాసార్లు అది పూలలో, మసాలా దినుసుల్లో ఉండే పదార్థమే అయి ఉంటుంది.

ఇంకో మాట. పువ్వు వేరు, పువ్వులోంచి తీసిన నూనె వేరు. ఒక కిలో గులాబీ నూనె తీయాలంటే సుమారు 3 నుంచి 5 వేల కిలోల రేకులు కావాలి. జడలో పెట్టుకున్న ఒక్క పువ్వు మీ చర్మానికి ఏమీ చేయకపోవచ్చు. కానీ అసలైన గులాబీ నూనె ఒక చుక్క మెడకు రాసుకుంటే గంపెడు పూల సారం ఒకే చోట పూసుకున్నట్టు.

ఆ మాటకొస్తే ఉత్త పువ్వు కూడా అందరికీ పడదు. పూలు కట్టి అమ్ముకునే ఒకావిడ నా దగ్గరికి వచ్చేవారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటి కొనలు మాత్రమే ఎండిన చెరువు మట్టిలా పగిలిపోయి ఉండేవి. సబ్బు పడలేదనుకుని సబ్బులు మార్చారు, గిన్నెలు తోమడం మానేశారు, అయినా తగ్గలేదు. మూరలు కట్టేటప్పుడు పువ్వును పట్టుకునేది సరిగ్గా ఆ మూడు వేళ్ల కొనలతోనే. మల్లెలు కట్టిన రోజుల్లో బాగానే ఉండేది. చామంతులు కట్టిన రోజు రాత్రి మంట, రెండో రోజుకు పగుళ్లు. పరీక్ష చేస్తే చామంతి ఎలర్జీ అని తేలింది. మన రోడ్ల పక్కన తెల్ల పూలతో విరగబూసే వయ్యారిభామ కూడా ఆ కుటుంబపు మొక్కే. దాని వల్ల ముఖం, మెడ నల్లబడి వచ్చే రైతులు నాకు కొత్త కాదు. ఈ రెండింటిలోనూ ఏ కంపెనీ కెమికలూ లేదు.

మరి ఆరేడేళ్లు పడిన వాసన ఇప్పుడెందుకు పడడం లేదని మీకు అనిపిస్తుంది. ఈ రకం ఎలర్జీ మొదటి రోజే రావాలని లేదు. చర్మం ఏళ్ల తరబడి ఓర్చుకుని, ఒక దశలో ఎదురుతిరుగుతుంది. ఆ తర్వాత కొంచెం తగిలినా చాలు. పైగా రాసుకున్న వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. సోమవారం రాసుకున్నదానికి బుధవారం దురద వస్తే, మంగళవారం తిన్న వంకాయ మీదకు నెపం పోతుంది. సరైన కారణం దొరక్క మనుషులు ఏళ్లకు ఏళ్లు తిప్పలు పడేది ఇక్కడే.

మీ అత్తరు సీసాల గురించి కూడా చెప్పాలి. ధర మీరు రాయలేదు. మల్లెపువ్వులోంచి వాసన తీయడం చాలా కష్టం. ఆవిరి వేడికి దాని పరిమళం చెడిపోతుంది కాబట్టి ఎక్కువగా ద్రావకాలతో తీస్తారు. అందుకే అసలైన మల్లె సారం చాలా ఖరీదు. వంద, రెండొందలకు వచ్చిన సీసాలో మల్లె వాసన ఉండొచ్చు గానీ, మల్లె ఉండే అవకాశం చాలా తక్కువ. కనౌజ్‌లో రాగి బానల్లో పూలు కాచి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దింపి తీసే అత్తరు మన దేశపు గొప్ప విద్య, దాని మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ చందన తైలం ధర పెరిగిపోయాక చాలా చోట్ల దాని బదులు పారఫిన్ నూనె, థాలేట్ రకం ద్రావకాలు వాడుతున్నారు. ఏ కెమికల్స్‌కు భయపడి మీరు సెంటు మానేశారో అవే అత్తరు పేరుతో మీ మెడ మీదకు వచ్చి ఉండొచ్చు. మన ఊళ్లో ఇంకో మోసం కూడా ఉంది. శేషాచలం ఎర్రచందనం పేరు చెప్పి సువాసన నూనె అంటగడతారు. ఎర్రచందనం చెక్కకు చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. ఘుమఘుమలాడేది శ్రీగంధం, అది వేరే చెట్టు.

తలనొప్పి ఎందుకు తగ్గిందంటే, స్ప్రే కొట్టినప్పుడు సన్నటి తుంపర గాలిలో కలిసి ముక్కులోకి పోతుంది. ఏసీ వేసి తలుపులు మూసిన రిసెప్షన్‌లో అది గంటల తరబడి తిరుగుతూ ఉంటుంది. అత్తరు చుక్క అంతగా గాలిలోకి లేవదు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఘాటైన వాసన ఏదైనా నొప్పి తెప్పిస్తుంది. కిటికీలు మూసిన బస్సులో పక్కసీటు మల్లెపూల వాసనకు కణతలు పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ నొప్పి ఒకవైపే వస్తూ, వాంతి అయ్యేలా ఉండి, వెలుతురు చూడలేకపోతే ఆ సంగతి విడిగా డాక్టర్‌కు చెప్పండి.

ఇక మచ్చ. ఫొటోలో అది సెంటు కొట్టుకునే చోటనే, రెండు పక్కలా చారల్లా దిగినట్టు కనిపిస్తోంది. అందుకే ఎలర్జీ అంటున్నాను. ఒకటి మాత్రం అద్దంలో మీరే చూసుకోవాలి. మెడ చుట్టూ, చంకల్లో కూడా చర్మం మందంగా, మఖ్మల్ గుడ్డలా నల్లబడి ఉంటే అది సెంటు వల్ల వచ్చేది కాదు. బరువు పెరగడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం వల్ల వస్తుంది. అలా ఉంటే పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించండి. అత్తరులో నిమ్మ, బెర్గమాట్ లాంటి తొక్క నూనెలు ఉన్నాయేమో కూడా సీసా మీద చూడండి. వాటిలో కొన్ని రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టయి, కారినంత మేర నల్ల చార మిగులుతుంది. మన మే నెల ఎండలో బండి మీద తిరిగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ.

ఇవాళ్టి నుంచి సెంటు, అత్తరు రెండూ పూర్తిగా ఆపేయండి. మూడు నాలుగు వారాలు ఆపితేనే తేడా తెలుస్తుంది. సెంటు ఒక్కటే మానితే చాలదు. వాసన ఉన్న సబ్బు, టాల్కం పౌడర్, తల నూనె, బట్టలకు వేసే కండిషనర్, ఇవన్నీ మెడకు తగిలేవే. కొనేటప్పుడు ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని రాసి ఉన్నది తీసుకోండి. ‘అన్‌సెంటెడ్’ అన్నదాన్ని నమ్మకండి. అందులో అసలు వాసనను కప్పడానికి మరో వాసన కలిపి ఉండొచ్చు. స్నానం కాగానే, ఒళ్లు కొంచెం తడిగా ఉండగానే వాసన లేని మాయిశ్చరైజర్ రాయండి. బయటికి వెళ్లేటప్పుడు మెడకు కూడా సన్‌స్క్రీన్ రాయాలి, అదీ వాసన లేనిదే.

మందుల షాపులో అడిగి దురద ట్యూబ్ తెచ్చుకోవద్దు. ఈ మాట నేను గట్టిగా చెప్తున్నాను. ఆ ట్యూబుల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. మూడు రోజుల్లో దురద పోతుంది, మనకు సంతోషంగా ఉంటుంది, నెలల తరబడి రాస్తూనే ఉంటాం. చివరికి చర్మం పల్చబడి, నరాలు తేలి, చారలు పడి వస్తారు. మీకూ స్టెరాయిడ్ క్రీమ్ కొన్నాళ్లు అవసరం పడొచ్చు. ఏ బలానిది, ఎన్ని రోజులు అన్నది మెడను దగ్గరగా చూసినవాళ్లే చెప్పాలి. దురద రెండు మూడు వారాల్లో తగ్గినా, నలుపు మాత్రం నెమ్మదిగా పోతుంది. మన చామనఛాయ చర్మానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పడుతుంది. టెన్షన్ పడి తెల్లబరిచే క్రీములు రాయకండి, నిమ్మచెక్కతో రుద్దకండి.

ఏది పడడం లేదో పేరుతో సహా తెలుసుకోవాలంటే ప్యాచ్ టెస్ట్ చేయించాలి. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటివి అతికించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. సూదులు ఉండవు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, అంతే ఇబ్బంది. రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో అడిగి చూడండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న సెంటు, అత్తరు సీసాలన్నీ, ఖాళీ అయినవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. మెడ నయం కాకముందే కొత్త సీసా మొదలుపెట్టకండి. నయమయ్యాక ఏదైనా వాడాలనిపిస్తే మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడండి. ఎర్రబడినా, దురద పెట్టినా అది మీకు వద్దు. పాత సీసాలు దాచుకోకండి. లావెండర్, నిమ్మ జాతి నూనెలు గాలి తగిలి పాతబడితే ఎలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది.

బాబు విషయం. ఆయాసం ఉన్న పిల్లాడికి సెంటు తుంపర, అత్తరు ఘాటు, అగరబత్తి పొగ, సాంబ్రాణి పొగ అన్నీ ఇబ్బందే. సాంబ్రాణి చెట్టు బంకే కదా, మనమంతా ఆ పొగలో పెరిగినవాళ్లమే కదా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయమని నేను చెప్పను. పొగ వేసినప్పుడు బాబును వేరే గదిలో ఉంచి, కిటికీలు తెరిచి, వాసన పోయాక తీసుకురండి. దేవుడి గదిలో దీపం చాలు, అగరబత్తి మానేయండి. జలుబు చేసినప్పుడు ముక్కు దగ్గర కర్పూరం, నీలగిరి తైలం పెట్టకండి. ఇంట్లో పచ్చకర్పూరం డబ్బా, హారతి కర్పూరం ఉంటే వాడి చేతికి అందనంత ఎత్తులో పెట్టండి. తీర్థంలో, ప్రసాదంలో చిటికెడు వేసే వస్తువే కదా అనుకోవద్దు. చిన్న పిల్లలు కర్పూరం బిళ్ల నోట్లో వేసుకుంటే కొద్దిసేపట్లోనే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. అలా జరిగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, మాట తెగుతున్నా తెల్లవారేదాకా ఆగకండి.

ఇక పెళ్లి. కొండ మీద పూలన్నీ స్వామివే, మనం పెట్టుకోం. కాబట్టి జడలో మల్లెల సంగతి ఎలాగూ లేదు. నెల రోజుల్లో దురద తగ్గినా లోపల చర్మం పూర్తిగా కుదురుకోదు, అందుకని ఆ రోజు మెడకు, మణికట్టుకు ఏమీ రాయకండి. మరీ మనసు పీకితే, మీకు తలనొప్పి తేని వాసన ఏదైనా ఒక్క చుక్క నూలు చేతిరుమాలుకు రాసి, ఆరాక బ్యాగులో పెట్టుకోండి. పట్టుచీరకు రాస్తే మరక పడుతుంది, జాకెట్టు మెడకు రాస్తే చర్మానికి రాసినట్టే. నగలు పెట్టుకునే ముందు మెడకు మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగండి. మేకప్ చేసే అమ్మాయికి మీ ఎలర్జీ సంగతి ముందే చెప్పి, వాసన ఉన్న క్రీములు, ఫిక్సర్ స్ప్రే మెడ దాకా రానివ్వద్దని అడగండి.