గెయిన్ 10లో (సిగ్నల్‌ని పది రెట్లు పెంచేటప్పుడు) బుద్ధిగా ఉన్న ఎన్‌ఈ5534 ఆప్-ఆంప్ చిప్, బఫర్‌గా, అంటే గెయిన్ 1తో పెట్టగానే ఎందుకు ఆసిలేట్ అవుతుంది, అంటే తనంతట తానే వేవ్ పుట్టిస్తుంది?

చిప్ పాడవలేదు. టీఎల్071 అనే మరో ఆప్-ఆంప్ తీసి అదే సాకెట్‌లో 5534 పెట్టారు. ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకపోయినా స్కోప్‌లో మెగాహెర్ట్జ్‌లలో వేవ్ కనిపిస్తోంది, చిప్ వేడెక్కుతోంది అంటే కాంపెన్సేషన్ (ఆసిలేట్ అవకుండా గెయిన్‌ని ముందుగానే దించే ఏర్పాటు) చాలలేదన్నమాట.

ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి వెనక్కి వచ్చే సిగ్నల్) నెగటివ్ అనే మాట తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే పూర్తిగా నిజం. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ లోపలి ఒక్కో స్టేజీ సిగ్నల్‌ని కొంత వెనకపడేలా చేస్తుంది. అవన్నీ కలిసి 180 డిగ్రీలైతే నెగటివ్ కాస్తా పాజిటివ్ అయిపోతుంది. అప్పటికింకా లూప్ గెయిన్ (చిప్, ఫీడ్‌బ్యాక్ దారి కలిపి ఒక చుట్టు తిరిగేసరికి సిగ్నల్ ఎన్ని రెట్లవుతుందో ఆ లెక్క) 1 కంటే ఎక్కువుంటే మీ చేతిలో ఉన్నది ఆసిలేటరే. గెయిన్ 10లో అవుట్‌పుట్‌లో పదో వంతే వెనక్కి వస్తుంది కాబట్టి లూప్ గెయిన్ ముందే 1 కిందికి దిగిపోతుంది. బఫర్‌లో మొత్తం వెనక్కి వస్తుంది. వినడానికి వింతే గానీ, ఆప్-ఆంప్‌కి గడ్డు పరీక్ష గెయిన్ 1 దగ్గరే.

5534 గెయిన్ 3, ఆపైన మాత్రమే నిలకడగా ఉంటుంది. 5, 8 పిన్నుల మధ్య 22 పికోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి, కాళ్లు పొట్టిగా కత్తిరించి. అది గెయిన్‌ని ముందుగానే దించేస్తుంది. బదులుగా స్లూ రేట్ (అవుట్‌పుట్ ఎంత వేగంగా మారగలదో ఆ లెక్క) మైక్రోసెకనుకు 13 వోల్టుల నుంచి 6కి పడిపోతుంది. ఆడియోకి అదే ఎక్కువ. 741 అనే పాత ఆప్-ఆంప్‌లో ఇలాంటి 30 పికోఫారడ్ కెపాసిటర్‌ని 1968లోనే చిప్ లోపల పెట్టేశారు, అందుకే చాలామందికి ఈ గొడవే తెలియదు.

అప్పటికీ ఆగకపోతే అవుట్‌పుట్‌కి తగిలించిన పొడవాటి షీల్డెడ్ కేబుల్‌ని అనుమానించండి. దాని కెపాసిటెన్స్ కూడా సిగ్నల్‌ని ఇంకాస్త వెనకపడేలా చేస్తుంది. అవుట్‌పుట్‌కీ కేబుల్‌కీ మధ్య సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ వేసి చూడండి.