తొమ్మిదో తరగతిలో బొమ్మలేమిటండీ?

చదువు సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతుంది. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ పిల్ల నవ్వడం మానేసింది. మాకు దగ్గర్లో వాల్డార్ఫ్ పద్ధతి బడి ఉంటే వెళ్లి చూసొచ్చాను. పొద్దున రెండు గంటలు ఒకటే సబ్జెక్టట, అదే మూడు నాలుగు వారాలు నడుస్తుందట, టెక్స్ట్‌బుక్ బదులు పిల్లలే పుస్తకం రాసుకుంటారట. బొమ్మలు, నాటకం, చెక్కపని అన్నీ చదువులో భాగమేనట. నాకు నచ్చింది. మా ఆయనేమో "తొమ్మిదో తరగతిలో బొమ్మలేమిటి, ఎల్‌కేజీనా?" అంటున్నారు. మా మామగారైతే ఇంటర్‌కొచ్చేసరికి పిల్ల ఎందుకూ పనికిరాకుండా పోతుందని ఒకటే గొడవ. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు మీ మామగారి సంగతి చూద్దాం. ఆయన మాటను చాదస్తమని కొట్టిపారేయకండి. ఎప్‌సెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కోదానికి నిమిషం మీద కొన్ని సెకన్లు. రోజూ బిట్లు చేస్తే తప్ప ఆ వేగం రాదు, ఈ బళ్లలో ఆ తోముడు ఉండదు. ఇంజినీరింగే కావాలి, పెద్ద ర్యాంకే రావాలి అని మీ అమ్మాయే గట్టిగా అనుకుంటుంటే ఇంటర్ మొదటి ఏడాది కొంచెం వెనక నుంచి పరుగు మొదలుపెట్టాల్సి వస్తుంది. అలా కాకుండా ఏం చదవాలో తనకింకా తెలియదు అంటే, మామగారి భయం సగం తగ్గినట్టే.

ఇక మీ ఆయన అడిగింది మంచి ప్రశ్న. వాల్డార్ఫ్ అనేది ఒక సిగరెట్ ఫ్యాక్టరీ పేరు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా ఫ్యాక్టరీ అధిపతి ఎమిల్ మోల్ట్ తన కార్మికుల పిల్లల కోసం బడి పెట్టమని తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్‌ని అడిగితే అలా మొదలైంది. పనివాళ్ల పిల్లల బడి తిరిగి తిరిగి మన దగ్గరికొచ్చేసరికి ఎవరి పిల్లల బడి అయిందో మీకు ఫీజు కాగితం చూస్తే తెలిసే ఉంటుంది. స్టైనర్ లెక్క ప్రకారం ఏడేళ్లలోపు పిల్లలు చేతుల్తో, పద్నాలుగు దాకా మనసుతో, ఆ తర్వాత ఆలోచనతో నేర్చుకుంటారు. కాబట్టి హైస్కూల్‌కొచ్చాక కళ పని మారిపోతుంది. చిన్న తరగతుల్లో తడి కాగితం మీద రంగులతో ఆడిన పిల్లలకి తొమ్మిదిలో ఆ రంగులు పక్కన పెట్టించి బొగ్గుముక్క ఇస్తారు. నలుపు తెలుపుల్లోనే బొమ్మ రావాలి. దీపం ఎటుంది, వెలుగు బంతి మీద ఎక్కడిదాకా పాకి ఆగింది, నీడలో కూడా కొంచెం వెలుగు ఎందుకు కనిపిస్తోంది, ఇవన్నీ చూడకుండా బంతి గుండ్రంగా రాదు. ఆ వయసులో పిల్లలకి అమ్మ అయితే దేవత, లేదంటే శత్రువు, మధ్యలో ఏమీ ఉండదు కదా, ఆ మధ్యలో ఉండే బూడిదరంగుల్ని కళ్లకి అలవాటు చేయడం అన్నమాట. ఇది మీ ఆయనకి చెప్పండి, ఎల్‌కేజీ కాదని ఒప్పుకుంటారు.

సైన్సూ అంతే. ప్రయోగం చేసి చూపించి, ఎందుకలా అయిందో చెప్పకుండానే ఇంటికి పంపేస్తారు. మర్నాడు పిల్లలు ఏం చూశారో వరసగా గుర్తు తెచ్చుకుని చెప్పాలి, ఆ తర్వాతే సూత్రం. ఆవిరి యంత్రం పాఠమైతే మొదట దాని బొమ్మ వేసి, ఏ రంధ్రంలోంచి ఆవిరి లోపలికి వెళ్తుందో తమ మాటల్లో రాసుకుంటారు. అదే వాళ్ల పుస్తకం. మన బళ్లలో నోట్సు అంటే బోర్డు మీదది ఎక్కించుకోవడమే కాబట్టి నాకైతే ఈ ఒక్క ముక్క కోసమే ఆ పద్ధతి మీద గౌరవం.

మళ్లీ అంతా బంగారం అనుకోకండి. స్టైనర్ నమ్మిన తత్వంలో పునర్జన్మ, కంటికి కనపడని శరీరాల లాంటివి ఉన్నాయి, మనకి ఆ కబుర్లు కొత్త కాకపోయినా అది సైన్సయితే కాదు. (ఆయన మొదట దివ్యజ్ఞాన సమాజం, అదే థియోసాఫికల్ సొసైటీ, మనిషే. మన మదనపల్లె కుర్రాడు జిడ్డు కృష్ణమూర్తిని ఆ సమాజం పెద్దలు జగద్గురువంటే ఒప్పుకోక 1912, 13 ప్రాంతాల్లో విడిపోయి తన దారి తాను చూసుకున్నాడు. ఆ కుర్రాడేమో పెద్దయ్యాక 1929లో తనకా గురుపీఠమే వద్దని అదే సమాజం కట్టిన సంఘాన్ని రద్దు చేసేశాడు. ఇద్దరి పేర్ల మీదా ఇప్పుడు బళ్లు నడుస్తున్నాయి. మదనపల్లె దగ్గరి రిషీ వ్యాలీలో సంగీతం, నాట్యం, చెట్లూ పిట్టలూ ఉంటూనే పిల్లలు ఐసీఎస్ఈ పరీక్షలు రాస్తున్నారు. కళా, బోర్డు పరీక్షా ఒకే గొడుగు కింద ఉండలేవనే మాటకి అది చాలు.)

కాబట్టి మళ్లీ ఒకసారి వెళ్లండి, ఈసారి హాల్లో తగిలించిన బొమ్మలు చూసి రావద్దు. తొమ్మిదో తరగతి పిల్లలు రాసుకున్న పుస్తకాలు ఓ నాలుగు అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగింటిలో వాక్యాలు ఒకేలా ఉంటే బోర్డు మీద చూసి ఎక్కించుకున్నట్టే, దానికి అంత ఫీజు దండగ. పదో తరగతి ఏ బోర్డు, పోయినేడాది పదయిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, ఈ రెండూ మొహమాటపడకుండా అడగండి. అన్నిటికంటే ముందు అమ్మాయిని తీసుకెళ్లి ఒక పూట క్లాసులో కూర్చోనివ్వమనండి. వద్దంటే ఆ బడి గురించి అంతకన్నా తెలుసుకోవాల్సింది లేదు.

ప్రశ్న: మావాడు సీబీఎస్ఈ తొమ్మిది. ఆర్ట్ ప్రాజెక్టు తప్పనిసరి అన్నారు. టైం లేక స్టేషనరీ షాపులో డబ్బులిచ్చి చార్టు చేయించేశాం, మార్కులూ పడ్డాయి. ఇంతోటి దానికి ఇదంతా ఎందుకంటారు?
- ఒక తండ్రి, విజయవాడ

జవాబు: మీరు డబ్బులిచ్చి షాపువాడికి చదువు చెప్పించారు, బాగుంది. 2020-21 నుంచి సీబీఎస్ఈలో ఒకటి నుంచి పది దాకా పాఠాన్ని కళతో కలిపే ఈ ప్రాజెక్టులు తప్పనిసరి చేశారు. తొమ్మిది, పదిలో అవి ఇంటర్నల్ మార్కుల్లోకి వస్తాయి. ఒక ప్రాజెక్టు మీ రాష్ట్రానికి జత కలిపిన రాష్ట్రం కళ మీద చేయాలన్నారు, ఆంధ్రాకి జత పంజాబ్. ఈసారి మావాడిదీ అంతేలే అనుకోకుండా ఫుల్కారీ కుట్టు తీసుకోమనండి. పాత పద్ధతిలో పంజాబ్ ఆడవాళ్లు ముదురు ఖద్దరు గుడ్డ మీద వెనకవైపు నుంచి పోగులు లెక్కపెట్టుకుంటూ పట్టుదారంతో కుడతారు, ముందు బొమ్మ గీసుకోవడం లేదు. అంటే ఒక్కో కుట్టూ ఇన్ని పోగులు అడ్డం, ఇన్ని పోగులు నిలువు. తొమ్మిదో తరగతి నిరూపక జ్యామితి అదే కదా! గ్రాఫు కాగితం, రంగు పెన్సిళ్లు ఉంటే చాలు, షాపుకెళ్లే పని లేదు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. కళతో కలిపి పాఠం చెప్పమని ట్రైనింగుల్లో చెప్తున్నారు. మాకు డ్రాయింగ్ మాస్టారు లేరు, క్లాసులో యాభై మందికి పైనే, పదో తరగతి సిలబస్ నెత్తి మీద ఉంది. ఆచరణలో ఎలా మేడం?
- ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: సిలబస్ ఆపి కళ చెప్పమంటే నేనూ వద్దనే అంటాను. సిలబస్‌లో ఉన్నదాన్నే కళలోంచి లాగడం మీ చేతిలో పని. అంకశ్రేఢులు, అంటే ఒకే తేడాతో నడిచే సంఖ్యల వరసలు, మొదలుపెట్టే రోజు సుద్దముక్కలిచ్చి వరండాలో ముగ్గు పెట్టించండి. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా. మగపిల్లలు సిగ్గుపడతారు, పడనివ్వండి, మొదట వాళ్లతోనే పెట్టించండి. అయ్యాక చుక్కలెన్నో చెప్పమంటే వేలు పెట్టి లెక్కపెడతారు, ఒకడు ముప్పై ఆరంటాడు ఇంకొకడు ముప్పై ఎనిమిదంటాడు. అప్పుడు వరసలు చూడమనండి: 4, 5, 6, 7, మళ్లీ 6, 5, 4. మొత్తం 37. ఇప్పుడు ఒకటి వచ్చేదాకా పెట్టిస్తే 49, అంటే ఏడు ఏడులు. పదిహేను చుక్కలతో మొదలుపెట్టి ఒకటి దాకా వస్తే ఎన్ని అని అడగండి, ఎవరూ వరండాలోకి పరిగెత్తరు, మొత్తం కట్టే సూత్రం తామే వెతుక్కుంటారు.

మీ తెలుగు మాస్టారితో స్నేహం చేసుకోండి. పద్యంలో లఘువు అంటే పొట్టి అక్షరం, ఒక మాత్ర; గురువు అంటే పొడుగు అక్షరం, రెండు మాత్రలు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా పేర్చొచ్చో పిల్లల్ని అడిగితే గగం, భ, జ, స, నలం అనే ఐదు గణాలే వస్తాయి. మూడు మాత్రలకి మూడు, ఐదు మాత్రలకి ఎనిమిది. 1, 2, 3, 5, 8 అని ఫిబొనాచీ పేరుతో చెప్పుకునే వరస, మన ఛందస్సువాళ్లు ఆయన కంటే ముందే లెక్కగట్టిన వరస. చప్పట్లతో వేయించండి, పక్క క్లాసు టీచరు వచ్చి గొడవేంటని అడిగితే పాఠం జరుగుతోందని చెప్పండి.

క.సా.గు.కి తాళం ఉంది. సగం క్లాసు ఎనిమిదికోసారి చప్పట్లు కొట్టాలి, మిగతా సగం "తకిట తకధిమి" అని ఏడేడుగా చెప్పాలి. మొదట కలిసి మొదలై విడిపోయి, మళ్లీ సరిగ్గా యాభై ఆరు అయ్యాకే రెండు గుంపులూ ఒకచోట కలుస్తాయి. మధ్యలో తప్పకుండా తప్పుతారు, రెండోసారి మళ్లీ మొదలుపెట్టించండి. ఈ మూడూ కలిపి మీకు మూడు పీరియడ్లు పట్టవు. దేనికీ మార్కులు వేయకండి, వేశారంటే మర్నాడు వాళ్లూ షాపుకెళ్లి ముగ్గు చార్టు కొనుక్కొస్తారు.