షుగర్ మాత్రతో క్యాన్సర్ కణాలు ఆగుతాయా?

ప్రశ్న: నా వయసు 56. షుగర్‌కి చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు వేసుకుంటున్నాను. ఈమధ్యే పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, ఆక్సాలిప్లాటిన్‌తో కీమో కూడా పూర్తయింది. ఈ మాత్ర క్యాన్సర్ కణాలను కదలనివ్వదని చదివాను. డోసు పెంచుకోవచ్చా? షుగర్ లేని మా తమ్ముడు కూడా ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చా? వాడికి 48.

జవాబు: మీరు చదివింది అబద్ధమేమీ కాదండీ, కాకపోతే అదంతా ల్యాబ్‌లో ప్లాస్టిక్ గిన్నెలో జరిగిన సంగతి. పెద్దపేగు క్యాన్సర్ కణాలను గిన్నె అడుగున పలచటి పొరగా పెంచి, సన్నటి గొట్టం మొనతో మధ్యలో ఒక గీత గీస్తారు. మందు కలపని గిన్నెలో అటూ ఇటూ ఉన్న కణాలు పాక్కుంటూ వచ్చి ఒకట్రెండు రోజుల్లో ఆ ఖాళీని పూడ్చేస్తాయి. మెట్‌ఫార్మిన్ కలిపిన గిన్నెలో చాలా ప్రయోగాల్లో గీత అప్పటికీ కనిపిస్తూనే ఉంది. ఈ మందు కణంలో శక్తి తయారీని మందగింపజేస్తుంది, దాంతో ఏఎంపీకే అనే ఎంజైమ్ మేలుకుని శక్తి ఖర్చుకు కళ్లెం వేస్తుంది, పక్క కణాన్ని అంటిపెట్టుకునేలా చేసే ఈ-క్యాడ్‌హెరిన్ ప్రొటీన్ పెరిగినట్టు కూడా కొన్ని ప్రయోగాల్లో కనిపించింది.

చిక్కల్లా మోతాదు దగ్గరే. ఆ గిన్నెల్లో పోసేది చాలాసార్లు లీటరుకు 5, 10 మిల్లీమోల్స్ (మందు ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత). మీరు రోజుకు 2 గ్రాములు మింగినా రక్తంలో ఉండేది 0.01, 0.02 దగ్గరే. వందల రెట్ల తేడా! మాత్రలు పెంచి దాన్ని అందుకుందామనుకుంటే ముందు విరేచనాలు, వాంతులు, ఆ తర్వాత లాక్టిక్ యాసిడ్ పేరుకుని ప్రాణం మీదకొస్తుంది, కిడ్నీలు బాగాలేకపోతే మరీను. షుగర్ రీడింగులు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి మీ డాక్టర్ ఎంత చెబితే అంతే వేసుకోండి.

ఇక తమ్ముడు. జపాన్‌లో పాలిప్స్ (పేగు లోపల మొలిచే చిన్న గడ్డలు, కొన్ని తర్వాత క్యాన్సర్‌గా మారతాయి) తీసేసిన 151 మంది షుగర్ లేనివాళ్ల మీద ఈ మాత్రతోనే ఒక ట్రయల్ చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. ఏడాదిపాటు రోజుకు 250 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ పాలిప్స్ వస్తే, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 57 శాతం మందికి వచ్చాయి. బాగానే ఉంది, కానీ చిన్న ట్రయల్, పైగా చూసింది పాలిప్స్‌ని, క్యాన్సర్‌ని కాదు. రొమ్ము క్యాన్సర్‌లో ఇదే మందుతో వేలమంది మీద చేసిన ట్రయల్ 2022లో వెలువడితే అందులో లాభం కనపడలేదు. మీ తమ్ముడికి కావాల్సింది మాత్ర కాదు, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష). తోబుట్టువుకి 60 లోపే వచ్చింది కాబట్టి 40 ఏళ్ల నుంచే చేయించుకోవాలంటారు, ఆయన ఆ వయసు దాటేశారు, ఇక ఆలస్యం చేయొద్దు.

మీరు మాత్రం రెండు చూసుకోండి. అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే అన్నీ కీమో మీదకి నెట్టకండి, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది, దానికీ ఇదే లక్షణం, ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది. రెండోది, ఈ మాత్ర వల్ల పెట్ స్కాన్‌లో (చక్కెరను ఎక్కువగా వాడుకునే చోట్లను వెలిగించి చూపే స్కాన్) పేగంతా వెలిగిపోయి అసలు చూడాల్సింది మరుగున పడొచ్చు. చాలాచోట్ల 48 గంటల ముందు ఆపమంటారు, మీ అంతట మీరు ఆపకుండా స్కాన్ బుక్ చేసేటప్పుడే అడగండి.