అక్టోబరు ఆఖర్లో అండమాన్: ఇన్సులిన్ వాడేవారు వెళ్లొచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి మిక్స్‌డ్ ఇన్సులిన్ తీసుకుంటాను. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. అక్టోబరు చివర్లో అయితే రద్దీ, ఖర్చు తక్కువని పిల్లలు ఆరు రోజుల అండమాన్ ట్రిప్ అనుకుంటున్నారు. అప్పటికీ అక్కడ వానలు తగ్గవట. వెళ్లొచ్చా? 
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: షుగర్ అదుపులో ఉంటే తప్పకుండా వెళ్లండి. ‘అండమాన్ దగ్గర అల్పపీడనం’ అని మనం వార్తల్లో వినేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. సముద్రం బాగోకపోతే దీవుల మధ్య ఫెర్రీలు ఆపేస్తారు. అందుకే ఆరు రోజుల ట్రిప్‌కి పన్నెండు రోజుల మందులు పట్టుకెళ్లండి. తిరుగు విమానానికి ఒకరోజు ముందే పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చేరుకోండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయొద్దు. ఐస్‌కి ఆనించినా పాడైపోతుంది.

మీ విషయంలో నాకు అన్నిటికన్నా భయం హేవ్‌లాక్ దీవికి వెళ్లే ఫెర్రీ గురించే. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, టిఫిన్ తిని ఎక్కుతారు. అలలకు తిన్నదంతా వాంతి అయిపోతుంది. తిండి లేదు, ఇన్సులిన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. అప్పుడు వచ్చే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం చూసి ఇంట్లోవాళ్లు సముద్రం పడలేదులే అనుకుంటారు. షుగర్ పడిపోయిందని ఎవరికీ తట్టదు. ఆ రోజు ఎన్ని యూనిట్లు తగ్గించాలో బయల్దేరకముందే మీ డాక్టర్ని అడిగి కాగితం మీద రాయించుకోండి. గ్లూకోమీటర్ జేబులో పెట్టుకోండి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదని పిల్లలకి చెప్పి ఉంచండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. ప్రోస్టేట్ సమస్యగానీ, కంట్లో నీటికాసులుగానీ ఉంటే అడక్కుండా వేసుకోకండి.

ఇంకొక మాట. అక్కడ తెల్లారేది ఐదింటికి, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. తిండి వేళలు ముందుకు జరిగితే ఇన్సులిన్ కూడా వాటితోపాటే జరగాలి.

తిమ్మిర్లున్న కాళ్లకి పగడపు రాయి కోసుకున్నా తెలియదు. నీళ్లలో దిగినా పాదాలకి బూట్లు ఉండాల్సిందే. రోజూ రాత్రి అరికాళ్లు ఎవరిచేతనైనా చూపించుకోండి. వానాకాలం ముగిసే ఈ రోజుల్లోనే అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఎక్కువ. ఎలుకల మూత్రం కలిసిన బురదనీళ్లలో నడిస్తే చిన్న గీతలోంచి కూడా సోకుతుంది. దోమలకి పగలు కూడా క్రీమ్ రాసుకోండి, డెంగీ దోమ కుట్టేది పగలే.

తిరిగొచ్చాక నెలలోపు జ్వరం వస్తే డాక్టర్‌తో మొదట చెప్పాల్సిన మాట ‘అండమాన్ వెళ్లొచ్చాను’ అని. పిక్కలు బాగా నొప్పిపెడుతున్నా, కళ్లు ఎర్రబడినా, పచ్చబడినా ఆ రోజే వెళ్లాలి. ఈలోపు పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలేవీ వేసుకోకండి.